ఏ దుమ్ముకు ఏ మిషన్

ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని బీచుపల్లి ఆంజనేయస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను. కృష్ణలో మోకాళ్ల లోతు దిగి, తడిబట్టతో చెప్పినట్టే లెక్క. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇల్లిల్లూ తిరిగి వ్యాక్యూమ్ క్లీనర్లు అమ్మినవాడు ఒట్టు పెడితే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఈమధ్యే ఆ పని మానేశాను. యాభై ఇంకా నిండలేదు. నేను రిటైరయ్యానంటాను. మా ఆవిడ మాత్రం వచ్చినవాళ్లందరికీ, "పని చాతగాక ఇంట్ల కూసున్నడు" అని చెబుతుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు కొందరు వచ్చి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఎలా అమ్మాలి సార్ అని అడుగుతున్నారు. ఎలా అమ్మాలో చెప్పను. అది మీ కంపెనీవాళ్లే చెబుతారు. నేను ఎక్కడ తప్పు చేశానో చెబుతాను. మీరూ చేస్తారు. కనీసం చేసేటప్పుడు తెలిసి చెయ్యండి.

తివాచీలు లేని ఊళ్లలో

నాకు హైదరాబాదులో వారం రోజులు శిక్షణ ఇచ్చారు. ఒక హాలు, హాలు నిండా తివాచీ, తివాచీ మీద వాళ్లే చల్లిన దుమ్ము. మిషన్ పెట్టి లాగితే దుమ్మంతా మాయం. అందరం చప్పట్లు కొట్టాం. వనపర్తి బస్సెక్కాక గుర్తొచ్చింది, మావైపు ఏ ఇంట్లోనూ తివాచీ లేదని. ఉన్నవి నల్లబండలు. చీపురుతో ఊడ్చి ఒక బకెట్టు నీళ్లు కొడితే అద్దంలా ఉంటాయి. అలాంటి ఇంటికి నేను తివాచీ మిషన్ మోసుకుని పోయేవాణ్ణి.

పోయినా పెట్టడానికి ప్లగ్గు ఉండాలి కదా. ఇంటికి ఒకటే ప్లగ్గు, అది టీవీది. సీరియల్ నడుస్తుండగా టీవీ ప్లగ్గు పీకి తన మిషన్ ప్లగ్గు పెట్టినవాడికి భూమ్మీద ఏ ఇంట్లోనూ అమ్మకం కాదు. నేను రెండేళ్లకు నేర్చుకున్న పాఠం ఇది, మీకు ఉచితంగా ఇస్తున్నాను.

ఇక కరెంటు. బల్మూర్‌లో ఒక ముసలమ్మ వాకిట్లో మిషన్ పెట్టాను. వోల్టేజీ లేక అది మూలుగుతోంది. "ఇది మెల్లగా లాగే పద్ధతమ్మా, బట్టలు చెడవు" అని నేను కబుర్లు చెబుతుండగా కరెంటు ఒక్కసారిగా నిండుగా వచ్చింది. గొట్టం ముందు తిరుగుతున్న తెల్ల కోడిపిల్ల టప్పున లోపలికి పోయింది. గబగబా ప్లగ్గు పీకాను. మిషన్ లోపలి దుమ్ముసంచి విప్పితే పిల్ల బయటికొచ్చి, ఒకసారి తుమ్మి, ఒళ్లు దులుపుకుని నడిచిపోయింది. కాకపోతే బూడిదరంగుకు తిరిగింది.

"సారూ, నా పిల్ల తెల్లది గద. గిది ఎవ్వరిది?" అంది ముసలమ్మ.

"గదే అమ్మా ఇది. దుమ్ము వట్టింది."

"నాకు కండ్లు లేవనుకున్నవా? నా తెల్లపిల్ల నీ సంచిల ఉన్నది. తియ్యి."

తల్లికోడి కూడా ఆవిడ పక్షమే చేరి ఆ పిల్లను దగ్గరికి రానివ్వలేదు. చెంబెడు నీళ్లతో కడిగి తెలుపు చూపించాకగాని నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

నా మిషన్‌ను సరిగ్గా వాడినవాడు ఒక్కడే కనిపించాడు. బిజినేపల్లి రైతు. గొట్టాన్ని వెనకవైపు తగిలిస్తే మిషన్ గాలి పీల్చడం మాని ఊదుతుంది. ఆయన కళ్లంలో వైరు లాగి దానితో జొన్నలు తూర్పారబడుతున్నాడు. గింజ ఒక దిక్కు, పొట్టు ఒక దిక్కు.

"ఇదేంది పటేలా, ఇల్లు ఊడ్వమని ఇస్తే?" అన్నాను.

"ఇల్లు ఊడ్వ చీపురున్నది. పొట్టు ఊద గాలి లేదు ఈ యేడు. నాకేం గావాల్నో నాకు తెల్వదా?"

కొనేముందు తన దుమ్ము ఏదో తాను చూసుకున్న మనిషి ఆయన. అమ్మేముందు నేను ఆ పని చెయ్యలేదు.

మూర్తి సార్ తెల్లగుడ్డ

మా పైఅధికారి మూర్తి సార్. చెడ్డవాడు కాదు. మాకు బస్‌స్టాండులో ఆయనే టిఫిన్ పెట్టించేవాడు. కానీ ఆయన మాకు నేర్పిన విద్య చెడ్డది. గొట్టం మూతికి తెల్ల జేబురుమాలు చుట్టి పరుపు మీద పది క్షణాలు లాగు. రుమాలు నల్లబడుతుంది. దాన్ని విప్పి, ఏమీ మాట్లాడకుండా ఇల్లాలి ముందు పట్టుకో. "నువ్వు మాట్లాడకు చంద్రయ్యా, గుడ్డే మాట్లాడుతుంది. సిగ్గుపడిన మనిషి బేరం ఆడదు" అనేవాడు.

వనపర్తిలో ఒక పంతులుగారింట్లో అలాగే చేశాను. చూడాల్సింది కోడలు. చూసింది అత్త. ఆవిడ నా చేతిలోంచి రుమాలు లాక్కుని వాకిట్లో తీగ మీద ఆరేసింది. ఎదురింటావిడను పిలిచి, "సూడు వదినా, మా మహారాణి పండుకునే పరుపుల దీసిన్రు గిదంత. నేను జెప్తె ఎవరు ఇన్నరు?" అంది. ఆరోజు మిషన్ అమ్ముడుపోయింది. ఆ ఇంట్లో కోడలి మాట కూడా ఆరోజుతోనే పోయిందనుకుంటాను. నేను వైరు చుట్టుకుంటుంటే ఆ పిల్ల దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "అన్నా, మీ ఇంట్ల పరుపు మీద పెట్టి సూసినవా ఎన్నడన్న?"

చూడలేదు. ఆ సాయంత్రం చూశాను. అంతే నలుపు. ఎవరి పరుపైనా అంతే నలుపు. చెమట పట్టే మనిషి పడుకునే చోటల్లా అది ఉంటుంది. ఆ సంగతి మూర్తి సార్‌కు తెలుసు, నాకూ ఆ రోజు నుంచి తెలుసు. అయినా తర్వాత చాలా ఏళ్లు ఆ తెల్లగుడ్డతోనే అమ్మాను. అత్తగారు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం తీసేవాణ్ణి కాదు. నా నీతి ఎదిగింది అంతవరకే.

కొనేవాళ్లకు రెండు మాటలు

ఏ మిషన్ మంచిదని అడగకండి. మీ ఇంట్లో దుమ్ము ఏ రకమో మొదట చూసుకోండి. వాకిలి మట్టి అయితే చీపురు చాలు, మిషన్ దండగ. పరుపులు, సోఫాలు, కిటికీ తెరలు ఉంటే మామూలు మిషన్ సరిపోతుంది. ఎన్ని వాట్లని డబ్బా మీద రాసినదాన్ని నమ్మకండి, మీ ఊరి కరెంటు అన్ని వాట్లు ఇవ్వదు. రిపేరుకు మనిషి ఎక్కడి నుంచి వస్తాడో అడగండి. హైదరాబాదు నుంచి అంటే రాడని అర్థం.

అన్నిటికన్నా ముఖ్యం, మిషన్ వెనక చెయ్యి పెట్టి చూడండి. ముందునుంచి పీల్చిన గాలి వెనకనుంచి బయటికి రావాలి. గుడ్డసంచి మిషన్‌లో పెద్ద చెత్త సంచిలో ఆగుతుంది, సన్న దుమ్ము గుడ్డలోంచి వడిసి మళ్లీ ఇంట్లోకే వస్తుంది. కంటికి కనబడదు, ముక్కుకు తగులుతుంది. నీళ్లతొట్టి మిషన్ వేరు. అందులో దుమ్ము నీళ్లలో మునుగుతుంది, మళ్లీ లేవదు. కాకపోతే పనయ్యాక ఆ నీళ్లు పారబోసుకోవాలి. బరువు కూడా ఎక్కువ. ఇంట్లో దమ్ము మనిషి ఉంటే, అంటే ఉబ్బసంతో ఎగపోసే మనిషి ఉంటే, నీళ్లదే కొనండి. లేదా ఏదీ కొనకండి. గుడ్డసంచిది మాత్రం కొనకండి.

ఇదంతా నాకు శిక్షణలోనే చెప్పారు. నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు.

గద్వాల నేతింట్లో

నాగేంద్రమ్మ నన్ను గద్వాలలో వెతుక్కుంటూ వచ్చింది. పక్కవీధిలో నేను మిషన్ చూపిస్తుంటే చూసి, అయిపోయేదాకా నిలబడి, "అన్నా, మా ఇంటికి రా" అని తీసుకుపోయింది. నా ఉద్యోగంలో నాకు తలుపు తీసినవాళ్లు చాలామంది ఉన్నారు. తానై వచ్చి పిలిచింది ఆమె ఒక్కతే.

ఒకటే పెద్ద గది. మధ్యలో గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని ఆమె భర్త ఈరన్న నేస్తున్నాడు. నూలు చీర, పట్టంచు, అంచులో జరీ. నూలు ఆడినకొద్దీ దూదినూగు లేస్తోంది. కిటికీలోంచి పడే ఎండలో అది తేలుతూ కనబడుతోంది. ఈరన్న నాలుగుసార్లు నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసిరి, ఆగి, ఎగపోసుకుని, మళ్లీ విసురుతున్నాడు.

"ఈయనకు దమ్ము అన్నా. దవాఖాన్ల డాక్టరు దుమ్ము తగలొద్దన్నడు. మగ్గం ఇడ్సిపెట్టమంటే ఇడ్సడు. నూగు లేకుంట చేసే మిషిను ఉన్నదా నీ తాన?"

"నేసెటోని ఇంట్ల నూగు రాలక పూలు రాల్తయా?" అన్నాడు ఈరన్న గుంతలోంచి.

"నువ్వు నోరు మూస్కొని నెయ్యి. మాట్లాడితె దగ్గొస్తది."

"నేస్తె గూడ వస్తది."

అప్పుడామె అసలు కష్టం చెప్పింది. పొద్దుగూకి మగ్గం దిగాకే ఊడ్వడం కుదురుతుంది. దీపం పెట్టాక ఊడ్చిన చెత్తను గడప దాటించకూడదు, లక్ష్మి పోతుందని పట్టింపు. నేతిళ్లలో దానికి ఇంకో బలమైన కారణం కూడా ఉంది. చెత్తలో తెగిన జరీ ముక్కలుంటాయి. వాటిని వెలుతురులో ఏరి దాచుకుంటారు, జరీ కొనేవాళ్లు వచ్చి తీసుకుపోతారు. కాబట్టి చెత్తంతా తెల్లారేదాకా మూలన కుప్పగా ఉండాలి.

"ఫ్యాను ఏస్తె ఆ కుప్పంత లేస్తది అన్నా. ఏయకుంటె ఈయనకు ఊపిరాడది. ఆ మూలకే పండుకుంటడు. నేనేం జెయ్యాలె?"

ఆమె అడిగింది అది. చెత్త ఇంట్లోనే ఉండాలి, భర్త ఊపిరికి తగలకూడదు. ఇంత స్పష్టంగా తన అవసరం చెప్పిన మనిషి నాకు మళ్లీ దొరకలేదు. దానికి జవాబు కూడా ఉంది. నీళ్లతొట్టి మిషన్. ఆ నీళ్లు బకెట్టులో వంచి ఇంట్లోనే ఉంచి, తెల్లారి పాతబట్టతో వడకడితే జరీ దొరుకుతుంది, తడిసిన నూగు ఎగరదు. ఈ జవాబు నాకు ఇప్పుడు క్షణంలో తడుతోంది. అప్పుడు ఎందుకు తట్టలేదంటే నేను వెతకలేదు. నీళ్ల మిషన్ వనపర్తి గోదాములో ఉంది. బస్సులో మోసుకురావడానికి బరువు. గుడ్డసంచిది నా చేతిలో ఉంది. కారణం ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే నాకూ కొంచెం గౌరవంగా ఉండేది.

పైగా నా నోటికి కథ ఒకటి దొరికింది.

"చెల్లె, నీ కోసమే పుట్టినట్టున్నది ఈ మిషిను," అన్నాను. "దీని సంచిల పడ్డది గడప దాటది. లక్ష్మి ఇంట్లనే ఉంటది. వనపర్తిల ఒక నూనెమిల్లు సేటమ్మ ముక్కుపుల్ల పోయి మూడు నెలలు ఏడ్సింది. యాడ దొరికిందనుకున్నవ్? ఈ సంచిలనే."

నాగేంద్రమ్మ కళ్లు పెద్దవయ్యాయి. నేను ఆగి ఉండాల్సింది. ఇంకొక మాట కలిపాను, ఆమెకు మేలు చేస్తున్నాననుకునే కలిపాను.

"నెలకొకసారి దుప్పటి పరిచి సంచి దులుపు. గాలికి జరీ పోకుంట తలుపులు ఏసుకొని దులుపు. ఒక్క ముక్క పోదు."

"సూసినవా?" అంది ఆమె భర్తతో. "నీ ఊపిరి దక్కుతది, నా జరీ దక్కుతది."

ఈరన్న నావైపు చూసి నవ్వాడు. "సారు మాట నేత లెక్కనే ఉన్నది. పోగు యాడ గలిసిందో కనవడ్తలేదు" అన్నాడు.

తలుపులు వేసి ఉన్న మధ్యాహ్నం

ఏడెనిమిది నెలల తర్వాత ఆమె ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. మిషిను గుంజుతలేదు అన్నా, జర వచ్చి చూడు అని. పోయాను. మిట్టమధ్యాహ్నం తలుపు మూసి ఉంది, కిటికీ కూడా. తట్టాను. నాగేంద్రమ్మ తీసింది. జుట్టంతా తెల్లగా ఉంది. నెరిసిందేమో అనుకున్నాను. నూగు.

లోపల ట్యూబులైటు కింద దుప్పటి పరిచి ఉంది. దాని మీద బూడిదరంగు కుప్ప. గది నిండా పొగమంచులా దుమ్ము. మగ్గం ఖాళీగా ఉంది, సగం నేసిన చీర మీద గుడ్డ కప్పారు. గోడకు ఆనించిన మంచం మీద ఈరన్న కూర్చుని ఉన్నాడు. ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి.

"ఇయ్యాల దులిపే దినం అన్నా," అందామె. "నువ్వు చెప్పినట్టే తలుపులు ఏసిన. నెలకొకసారి అంటివి గని సంచి వారానికే నిండుతుంది. గందుకే వారం వారం దులుపుతున్న."

వారం వారం.

"ఎట్లున్నది ఈరన్నా?" అన్నాను.

ఆయన తువ్వాల తీశాడు. లోపల్నుంచి పిల్లికూతలా చప్పుడొస్తోంది. "నేను మగ్గం దిగిన గని... నా రొమ్ముల ఎవరో ఎక్కి నేస్తున్నరు సారూ," అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "సప్పుడు ఇనవడ్తుందా?"

నేను సంచి తీసి చూశాను. గుడ్డ కన్నాలన్నీ పూడిపోయి చెక్కలా గట్టిపడింది. అది ఇక దుమ్మును పీల్చడం లేదు, ఇంట్లోకి ఊదుతోంది. ఆ ఊదింది చాలదన్నట్టు, వారానికి ఒకసారి ఆ దుమ్మంతటినీ మూసిన గదిలో దుప్పటి మీద పోసి, ఊపిరాడని మనిషిని పక్కనే కూర్చోబెట్టి చేత్తో కలుపుతున్నారు. నేను చెప్పినందుకు.

అప్పుడు నేను చేతులు జోడించాను. "చెల్లె, తప్పు నాది. నీ ఇంటికి తెచ్చే మిషిను ఇది గాదు. తలుపులు ఏసి దులుపుమన్నది ఇంక పెద్ద తప్పు. దీంతోనే ఆయనకు ఎక్కువైంది" అన్నాను. ఆమె మిషన్ దగ్గరికి పోయింది. గొట్టం తీసి నా కాళ్ల ముందు విసిరికొట్టింది. "నువ్వు చదువుకున్నోనివని నమ్మిన గదనే!" అంది. తిట్టాల్సినవన్నీ తిట్టింది. తర్వాత తలుపులు, కిటికీ బార్లా తీసింది. ఈరన్న మంచం మీంచి, "ఇగ చాలు పోనియ్, మొగోడు తప్పైందంటుంటె ఇంటున్న, గద్వాలల ఇది ఫస్టు సారి" అన్నాడు.

ఆ సాయంత్రమే వనపర్తి పోయి మూర్తి సార్‌తో కొట్లాడాను. ఆయన మొదట అరిచాడు, తర్వాత నోరు మూసుకుని గోదాము తాళం ఇచ్చాడు. మర్నాడు నీళ్లతొట్టి మిషన్‌ను పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని బస్సులో గద్వాల చేర్చాను. నీళ్లు వడకట్టడం నేనే చేసి చూపించాను. పాతబట్ట మీద జరీ ముక్కలు తళతళా మెరిశాయి. రెండు నెలలకు ఈరన్న మళ్లీ గుంతలోకి దిగాడు.

ఒప్పుకుంటున్నాను

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. పైన చివరి రెండు పేరాలు.

నేను చేతులు జోడించలేదు. సంచిని వీధిలోకి తీసుకుపోయి గోడకేసి కొట్టి దులిపాను, బ్రష్షుతో రుద్దాను, మళ్లీ బిగించాను. మిషన్ కొంచెం లాగింది. నాగేంద్రమ్మ టీ ఇచ్చింది, తాగాను. గుమ్మం దగ్గర ఆమె అడిగింది. "మేమే సరిగ్గ వాడుతలేమా అన్నా?" అప్పుడు ఒక్క మాట చాలు. నా జీవితమంతా నోటితో బతికినవాణ్ణి, లేని ముక్కుపుల్లలు పుట్టించినవాణ్ణి. నాకు ఆ ఉన్న మాట రాలేదు. చెబితే మిషన్ వాపసు తీసుకోవాలి, సార్‌కు చెప్పాలి, ఆ మంచం మీది మనిషి ముందు నిలబడాలి.

"వోల్టేజీ తక్కువున్నది చెల్లె. జర మెల్లగ దులుపు," అని వచ్చేశాను.

మూర్తి సార్‌తో నేను ఎప్పుడూ కొట్లాడలేదు. వనపర్తి గోదాములో ఆ నీళ్ల మిషన్ నేను ఉద్యోగం మానేనాటికి కూడా డబ్బాలోనే ఉంది.

మళ్లీ ఏడాదిన్నరకు వేరే పని మీద ఆ వీధిలో పోతుంటే నాగేంద్రమ్మ చూసి పిలిచింది. లోపలికి పోయాను. మగ్గం లేదు. గుంత పూడ్చి మీద కొత్త బండలు పరిచారు. ఆ నాలుగు బండలు మాత్రం చుట్టూ ఉన్నవాటికన్నా తేటగా ఉన్నాయి. గోడకు ఈరన్న ఫోటో, దానికి దండ. మిషన్ ఒక మూల ఉంది, తుడిచి, పైన చీర అంచు ముక్క కప్పి.

"నువ్విచ్చిన మిషినే అన్నా," అందామె. "ఆఖరిదాక ఇంట్ల దుమ్ము లేకుంట చూసుకున్న. వారం తప్పలే. ఆయన నసీబు గంతే ఉన్నది గని, మనం చేసేది చేసినం."

"అవు చెల్లె," అన్నాను.